ప్రధానికి పాలిచ్చిన ఖజ్నా

మమ్‌దూహ్ పాషా ప్రధానమంత్రి అయిన ప్రతిసారీ రాజధాని అమ్మాన్‌లోని పత్రికలు ఆయన వంశం గురించి, తండ్రి పొలాల గురించి, బేరూత్‌లో చదివిన చదువు గురించి రాసేవి. నేనూ రాశాను. ఖజ్నా పేరు మాలో ఎవరూ రాయలేదు. ఆయన పుట్టిన వారానికే కన్నతల్లి జ్వరంతో పోతే, ఆ పసివాణ్ణి తన కొడుకు ధియాబ్‌తో పాటు రొమ్ముకు వేసుకుని బతికించింది ఆమె. ఆమె భర్త ఆ పొలాల్లోనే అరక దున్నేవాడు.

పాలిచ్చింది కాబట్టి ఆమె తల్లే. ధియాబ్ అన్నే. ఇందులో మా వైపు ఎవరికీ అనుమానం ఉండదు. ఆస్తిలోనూ, హత్య జరిగితే పగ తీర్చుకునే హక్కులోనూ మాత్రం పాలబంధానికి భాగం లేదు. ఆ రెండూ రక్తం పంచుకున్నవాళ్లవే.

ఐన్ హమ్రా ఊరి చివర, ఉత్తరానికి పోయే బాట పక్కన ఖజ్నా ఇల్లు. రాతి గోడలు, ఒకటే పెద్ద గది, ముందు రెండు ఆలివ్ చెట్లు. ఆమెకు గడ్డం మీద పచ్చబొట్టు, పొడవైన మనిషి, తగ్గి మాట్లాడటం తెలియదు. ఎండాకాలమంతా ఇంటి కప్పు మీద పెరుగు ఉండలు ఆరబెట్టేది. వాటి మీద వాలే పిట్టల్ని తిట్టిన గొంతుతోనే మంత్రుల్నీ తిట్టేది. ఆ ఇంటికి మంత్రులు నిజంగానే వచ్చేవారు. మమ్‌దూహ్ వచ్చాడంటే వాళ్లూ వెనకాల రాక తప్పదు.

కుర్రతనంలో బడిపంతులుగా ఉండి, ఇంగ్లీషువాళ్ల మీద కరపత్రాలు పంచి జైలుకు పోయివచ్చినప్పుడు అతను మొదట చెయ్యి ముద్దుపెట్టుకుంది ఖజ్నాదే. తర్వాత పన్నుల శాఖలో ఉద్యోగం వచ్చింది. పన్నులు పిండేవాడికి తన ఇంట్లో రొట్టె లేదని ఆమె గుమ్మంలోనే చెప్పింది. కాసేపు నిలబెట్టి, తర్వాత పెట్టింది. రాయబారిగా పరాయి దేశం పోయినప్పుడు చలికి ఉన్ని చొక్కా అల్లి పంపింది. అతను ప్రధాని అయ్యాక కారు మలుపు దగ్గరే ఆగిపోయేది. కాపలావాళ్లు చెట్ల కింద నిలబడేవారు. ఆయన బూట్లు విప్పి, లోపల చాప మీద ధియాబ్ పక్కన కూర్చుని, ఒకే పళ్లెంలో ఆలివ్ నూనెలో రొట్టె అద్దుకుని తినేవాడు.

"నా వాటా పాలు కూడా వీడే తాగేశాడు. అందుకే వీడు ప్రధాని, నేను గొర్రెల కాపరిని," అనేవాడు ధియాబ్. ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ ఇద్దరూ నవ్వేవాళ్లు.

ఒకసారి, పిండి ధర పెరిగిన కొత్తలో, ఆమె పళ్లెం పెట్టకుండానే మొదలుపెట్టింది.

"ఏరా, రొట్టె ధర పెంచావట?"

"రొట్టె ధర నేను పెంచలేదమ్మా. పిండి మీద సర్కారు ఇచ్చేది కాస్త తగ్గించాను."

"అదేదో నాకు తెలియదు. మొన్నటి సంచి రెండు చేతుల్తో ఎత్తాను. అదే డబ్బుకు నిన్నటి సంచి ఒంటిచేత్తో లేచింది."

"మంత్రివర్గంలో ఒక్కడు కూడా ఇంత తిన్నగా చెప్పలేదు."

"వాళ్లకు నువ్వు జీతమిస్తున్నావు కదా. ఎందుకు చెబుతారు?"

ఆయన దానికి చాలాసేపు నవ్వాడని షంసా నాకు చెప్పింది. షంసా ధియాబ్ కూతురు. ఈ కథలో చాలా భాగం నేను ఆమె దగ్గర విన్నదే.

మమ్‌దూహ్ పాషా మంచి ప్రధానా, చెడ్డ ప్రధానా అన్న వాదన మా కాఫీ దుకాణాల్లో ఇంకా తెగలేదు. కాలవ నీళ్లను పెద్ద కామందుల పొలాల నుంచి తప్పించి చిన్న రైతులకు మళ్లించాడు. ఆ కామందుల్లో ఆయన సొంత మేనమామలు కూడా ఉన్నారు. లంచాలు ముట్టలేదు. రెండుసార్లు రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి నడుచుకుంటూ ఇంటికి పోయాడు. మూడోసారి ప్రధాని అయినప్పుడు మాత్రం అత్యవసర చట్టం పట్టుకుని వచ్చాడు. కరపత్రాలు పంచి జైలుకు పోయిన మనిషే కరపత్రాలు పంచినవాళ్లను జైళ్లలో నింపాడు. వాళ్లలో కొందరు నడిచి బయటికి రాలేదు.

ఆఖరుసారి వచ్చినప్పుడు ఖజ్నా ఆ సంగతే ఎత్తింది. జైల్లో ఉన్నవాళ్లకూ తల్లులుంటారని అన్నది. వాళ్లను వదిలితే రేపు వాళ్లు తనను వదలరని ఆయన అన్నాడు. ఆ రోజు ధియాబ్ పాల మాట ఎత్తలేదు. వెళ్లేటప్పుడు మాత్రం ఆయన ఎప్పటికంటే ఎక్కువసేపు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఎండిన పెరుగు ఉండల మూట ఇచ్చి, కారులో తొక్కి పాడుచెయ్యొద్దని డ్రైవరును హెచ్చరించింది.

వానలు మొదలైన రోజుల్లో, ఒక సహకార గోదాము తెరిచి మెట్లు దిగుతుండగా ఆయన్ను కాల్చేశారు. కాల్చింది ఫవాజ్ అనే యువకుడు. అతని తండ్రి అత్యవసర చట్టం కింద లోపలికి పోయి పెట్టెలో తిరిగొచ్చాడు. కాపలావాళ్లు ఫవాజ్‌ను ఆ మెట్ల మీదే చంపేశారు. మా పత్రిక ఆ సాయంత్రం నల్ల అంచుతో వచ్చింది. మొదటి పేజీలో ఆయన కన్నతల్లి సమాధి ఫోటో వేశాం.

ఖజ్నా పిండి పిసుకుతూ రేడియోలో విన్నది. ఏడవలేదట. చేతుల పిండి దులుపుకుని, పిసికిన పిండి పాడవకూడదని షంసాతో రొట్టెలు కాల్పించింది. శ్మశానానికి ఆడవాళ్లు పోరు. ధియాబ్ ఒక్కడే అమ్మాన్‌కు బయలుదేరాడు.

అక్కడ శవపేటికకు భుజం పట్టబోతే, వంశం పెద్దలు అతన్ని వెనక వరసలోకి పంపారు. ఖననం తర్వాత, హంతకుడి వాళ్లకు, పగ ఆపి ఉంచే సంధి గడువు ఇవ్వాలా వద్దా అని అందరూ కూర్చున్నప్పుడు ధియాబ్ కూడా ఏదో చెప్పబోయాడు. మమ్‌దూహ్ పినతండ్రి కొడుకు ఒకడు మాట మధ్యలోనే తుంచాడు.

"నువ్వు గొర్రెలు చూసుకో ధియాబ్. పాలకు రక్తంలో భాగం లేదు."

ఎవరూ అతన్ని వారించలేదు. ధియాబ్ లేచి నిలబడ్డాడు. వాళ్లు చెయ్యని పని తాను చేస్తానని, ఫవాజ్ కాపలావాళ్ల చేతిలో చస్తే పగ తీరినట్టు కాదని, అతని అన్న మిజ్‌హిమ్‌ను చంపి తాను తాగిన పాలు ఎంత చిక్కనివో చూపిస్తానని అందరి ముందూ ప్రమాణం చేశాడు. తుపాకీ ఐన్ హమ్రాలో, పరుపు కింద ఉంది. దాని కోసం ఇంటిదారి పట్టాడు.

అతను చేరడానికి ముందే ఈ వార్త ఊరికి చేరింది. సంతలో విన్నవాళ్లెవరో వచ్చి ఖజ్నాకు చెప్పిపోయారు. అది విన్నాకే ఆమె ముఖం మారిందంటుంది షంసా. ఒక కొడుకు మట్టిలోకి పోయాడు. రెండోవాడు ఉరికంబానికి నడిచి పోతున్నాడు. అతన్ని మాటలతో ఆపడం ఆమె తరం కాదు. అందరి ముందు చేసిన ప్రమాణం అది.

ఈలోగా ఫవాజ్ బంధువులు ఊరు విడిచారు. హత్య జరిగితే హంతకుడి వైపువాళ్లు ఆ రోజే ఇళ్లు వదిలి దూరంగా పోవాలి. సంధి కుదిరేదాకా తిరిగి రాకూడదు. మగవాళ్లు ముందే తప్పుకుని ఉత్తరాన కఫర్ రుమ్మాన్‌లో తలదాచుకున్నారు. ఆడవాళ్లు, పిల్లలు బళ్ల మీద వానలో వెనక వస్తున్నారు. ఫవాజ్ భార్య నౌఫ్ చంటివాడి ఏడుపుతో వెనకబడింది. బాటపక్క పొయ్యి పొగ కనిపించిన మొదటి ఇంటి తలుపు కొట్టింది. అది ఎవరి ఇల్లో ఆమెకు తెలియదు.

ఖజ్నా ఆమెను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తడి శాలువా తీసి ఆరేసి, ఎవరమ్మాయివని అడిగింది. మన ఇంట్లో అడుగుపెట్టిన మనిషికి ముందు తినిపించి తర్వాత అడగాలి. ఆమె ఆ వరస తప్పింది. పసివాడి ఏడుపు అలా ఉంది మరి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, పిల్లి కూనలా మూలుగుతున్నాడు.

నౌఫ్ అబద్ధం ఆడలేదు. మొగుడి పేరు చెప్పింది. వార్త విన్నప్పటినుంచీ పాలు ఎండిపోయాయని చెప్పింది. షంసా చేతిలో గిన్నె కిందపడింది, నోటి నుంచి మమ్‌దూహ్ బాబాయ్ పేరు వచ్చింది. ఇది ఎవరి ఇల్లో నౌఫ్‌కు అప్పుడు అర్థమైంది. లేచి, పిల్లాణ్ణి గుండెకు అదుముకుని తలుపు వైపు చూసింది.

"కూర్చో," అన్నది ఖజ్నా. "నా ఇంట్లో ఉన్నావు. ఎవరూ నిన్నేమీ అనరు."

తర్వాత షంసా వైపు తిరిగింది. షంసా పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. తన పిల్లవాడు ఊయలలో నిద్రపోతున్నాడు.

"వీణ్ణి తీసుకో."

"మమ్‌దూహ్ బాబాయ్‌ని చంపినవాడి కొడుకు, నానమ్మా."

"వీడు ఎవర్నీ చంపలేదు. వీడికి ఆకలేస్తోంది."

షంసా కదల్లేదు. ఖజ్నా ఆమె పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"మీ నాన్న తుపాకీ కోసం వస్తున్నాడు. నేను అడ్డం పడితే నన్ను దాటుకుని పోతాడు. వీణ్ణి దాటి పోలేడు. నీ పాలు తాగితే వీడు వాడికి మనవడవుతాడు. మనవడి పెదనాన్న మీద తుపాకీ ఎత్తలేడు."

షంసా అప్పుడు చేతులు చాచింది. మొదటి గుక్క పట్టగానే ఆ పసివాడు ఎంత గట్టిగా లాగాడంటే నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయని చెబుతూ ఆమె నా ముందు నవ్వింది. ఆ నవ్వు కాసేపటికి ఆగిపోయింది.

మా ఊళ్లలో ఒక్కసారి పట్టిస్తే చాలదు. కడుపునిండా ఐదుసార్లు తాగాలి, చూసినవాళ్లు ఉండాలి. ఖజ్నా పొరుగింటి ముసలమ్మలు ఇద్దరిని పిలిచి, చేదు కాఫీ పోసి కూర్చోబెట్టింది. వాళ్లు కాఫీ తాగినప్పుడల్లా ముఖం చిట్లించుకుంటూ, మర్నాటి మధ్యాహ్నం దాకా ఓపిగ్గా చూశారు. ఐదోసారి పసివాడు సగంలో నిద్రపోయాడు. ఒక ముసలమ్మ అది చెల్లదన్నది. రెండో ఆవిడ చెల్లుతుందన్నది. ఖజ్నా వాడి అరికాలు గీరి లేపి, మళ్లీ తాగించింది.

వాగు పొంగి రాత్రంతా దారిలో చిక్కుకున్న ధియాబ్ వచ్చేసరికి వాన వెలిసింది. ఎవరినీ చూడకుండా లోపలికి వెళ్లి పరుపెత్తి తుపాకీ తీశాడు. తిరిగేసరికి షంసా ఒళ్లో తెలియని పిల్లాడు, మూలన ముసుగు కప్పుకున్న తెలియని ఆడమనిషి.

"ఎవరీ పిల్లాడు?"

"నీ మనవడు," అన్నది ఖజ్నా.

"నా మనవడు ఊయలలో ఉన్నాడు."

"వాడు ఒకడు. వీడు రెండోవాడు. ఫవాజ్ కొడుకు. వీళ్లిద్దరూ సాక్షులు, అడుగు."

ముసలమ్మలు తలలూపారు. ధియాబ్ తనను అమ్మాన్‌లో ఏమన్నారో, ఎలా వెనక్కి నెట్టారో, పాలకు ఏ విలువా లేదని ఎలా తీసిపారేశారో చెప్పాడు. వెళ్లకపోతే తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు.

"నన్ను అడగకుండా నా చేతులు కట్టేశావమ్మా."

"మమ్‌దూహ్‌ను ఒళ్లోకి తీసుకున్న రోజు నీ నోట్లోది తీసి వాడి నోట్లో పెట్టాను," అన్నది ఆమె. "అప్పుడూ నిన్నడగలేదు."

ధియాబ్ చాప మీద కూలబడ్డాడు. తమ్ముడు పోయాక అతను ఏడ్చింది అదే మొదటిసారి. ఖజ్నా కూడా అప్పుడే ఏడ్చింది. ఊయలలోవాడు లేచి వాళ్లతో గొంతు కలిపాడు. రెండోవాడు మాత్రం తాగిన కడుపుతో హాయిగా పడుకున్నాడు.

ధియాబ్ చేసిన ప్రమాణం అలా పోయింది. ఊళ్లో, అమ్మాన్‌లో ఎన్నేళ్లు ఎన్ని మాటలు పడ్డాడో నాకు తెలుసు. వాటిలో కొన్ని మా పత్రికాఫీసులోనే విన్నాను. ఖజ్నా ఆ తర్వాత నాలుగు చలికాలాలు బతికింది. కొడుకును ఎవరైనా వేళాకోళం చేస్తే కర్ర పట్టుకుని వాళ్ల గుమ్మం దాకా వెళ్లేది.

ఇల్లు చేరిన ఆ సాయంత్రమే ధియాబ్ తుపాకీ భుజాన వేసుకుని నౌఫ్‌ను, బిడ్డను గాడిద మీద ఎక్కించి కఫర్ రుమ్మాన్‌కు తనే నడిపించుకు వెళ్లాడు. దారిలో ఎవరైనా అడ్డం వస్తే ముందు తనను దాటాలి. ఆ ఇంటి గుమ్మంలో మిజ్‌హిమ్ తుపాకీని చూశాడు. లోపలికి పరుగెత్తలేదు. ఖాళీ చేతులు రెండూ కనిపించేలా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

ధియాబ్ పిల్లాణ్ణి దించి అతని చేతుల్లో పెట్టాడు. లోపల్నుంచి కాఫీ తెచ్చారు. ధియాబ్ ముట్టలేదు, తాగితే సంధికి ఒప్పుకున్నట్టే. అంత త్వరగా ఎవరికైనా ఎలా కుదురుతుంది?

"రేపు పొద్దున్నే షంసాను తీసుకొస్తాను," అన్నాడు. "ఈలోపు మేకపాలు గీకపాలు పట్టకండి. వీడికి పడవు."