చర్చిలో ప్రేమరాజు కుర్చీ

ప్రేమరాజు డోలక్ కొడితే పాస్టరుగారి ప్రసంగానికి నిద్రపోయినవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. నర్సీపట్నంలో వాళ్ల పేట చర్చిలో చిన్నప్పటి నుంచీ చాప మీద బాసింపట్టు వేసుకుని అతనే కొట్టేవాడు. 1991లో రెవెన్యూ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరాక కూడా కొట్టాడు. 2004లో డిప్యూటీ తాసిల్దారు అయ్యాడు. ఆ వారం ఆదివారమే డోలక్ పోయి కుర్చీ వచ్చింది.

ఆ చర్చిలో జనమంతా చాపల మీదే. ముందు మాత్రం ఒక వరస ప్లాస్టిక్ కుర్చీలు, డాక్టరుగారి కుటుంబానికీ హెడ్మాస్టరుగారికీ. వాళ్లెవరూ పేటవాళ్లు కారు. పాస్టరు జీవన్ కుమార్ గారు ప్రేమరాజును చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ వరసలో కూర్చోబెట్టారు. చాప మీద తల్లి ధనమ్మ కళ్లు తుడుచుకుంది. భార్య ఏంజెలిన్ విశాఖపట్నం రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి. పక్క కుర్చీలో చీర సర్దుకుని కూర్చుంది, అంతే.

డోలక్ బుజ్జిబాబు చేతికి వెళ్లింది. బుజ్జిబాబు మంచి తాపీమేస్త్రీ. డోలక్‌ను కూడా గోడలాగే బాదేవాడు. ఆ బాదుడు వింటూ ప్రేమరాజు తొడ మీద వేళ్లు ఆడించుకునేవాడు. ఏంజెలిన్ మోచేత్తో పొడిచేది.

రెండేళ్లు ఓర్చుకున్నాడు. క్రిస్మస్ ఉదయం పాట మధ్యలో లేచి చాపల దగ్గరికి వచ్చేశాడు.

"జరుగెహె," అన్నాడు.

బుజ్జిబాబు జరగలేదు, లేచి నిలబడ్డాడు. పాట ఆగింది. "మీరు కిందేటి సార్? బాగోదు."

"సారేట్రా? బావా అనీవోడివి కదా!"

"అప్పుడు మీరు జీపు దిగీవోరు కాదండి."

ఇంతలో ధనమ్మ అందుకుంది. "ఒరే, ఎందుకు దిగొచ్చీసావురా? ఆ వరసలో మన పేటోడు ఇంకెవుడున్నాడు? అందరం ఉపాసం ఉండి ప్రార్థన సేత్తే వొచ్చిన కుర్సీ అది! బేగి ఎల్లి కూకో."

"ఒక్క పాటేనే అమ్మా."

"పాటకేటి, బుజ్జిబాబు కొడతాడు. కుర్సీ పోతే ఎవుడు తెత్తాడు?"

పాస్టరుగారు బైబిల్లో ఏదో వెతుక్కుంటున్నారు. చాప మీద కూర్చుంటే తల్లి ఊరుకోదు, కుర్చీలో డోలక్ నిలవదు. ప్రేమరాజు బుజ్జిబాబు చేతిలోంచి డోలక్ లాక్కుని, తాడు మెడకు తగిలించుకుని నిలబడే మొదలుపెట్టాడు.

ఆఫీసరు నిలబడితే తను కూర్చోవడం బాగోదని హెడ్మాస్టరుగారు లేచారు. ఆయన్ని చూసి డాక్టరుగారు, ఆయన్ని చూసి చర్చి మొత్తం లేచింది. మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు పండగపూట తిట్టకూడని తిట్లు తిట్టుకుంటూ లేచారు. రెండేళ్లయినా ప్రేమరాజు చెయ్యి మాత్రం మొద్దుబారలేదు.

ధనమ్మ కొంగు బిగించి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి కొడుకు కుర్చీలో కూర్చుంది.

"ధనమ్మగారూ..." అన్నారు పాస్టరుగారు.

"ఖాళీగా ఉంటే ఎవులో ఒకలు కూకుంటారని కాత్తన్నానండి. మీరు కానీండి."

పాట అయిపోయింది. ప్రేమరాజు చెమట తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ధనమ్మ లేవలేదు. వీపు వెనక్కి ఆనించింది.

"ఇంకోటి కొట్రా నాయనా. ఇక్కడికి బాగా ఇనపడతంది."