సర్వర్ చూసే ఖాదర్ అన్నయ్య

నిన్న పొద్దున టిఫిన్ చేస్తుంటే ఫోన్.

"మేడం, మా బావ ఇక లేరండీ. గుండెపోటు."

"ఏ బావ?" అని అడిగాను. తెలిసి కూడా.

ఖాదర్ అన్నయ్య. భవానీపురంలో, తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే మా చిన్న సెంటర్‌లో కంప్యూటర్లు ఆయనే చూసేవారు. పైసా తీసుకోకుండా.

మా రికార్డులన్నీ కింద రిసెప్షన్‌లోని ఒక ముసలి కంప్యూటర్లో ఉండేవి. దాంట్లో ఉన్నదంతా ప్రోగ్రామ్‌తో సహా అన్నయ్య మేడ మీది పెద్ద కంప్యూటర్లోకి, లైనక్స్ సర్వర్లోకి ఎక్కించారు. ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. వర్చువల్ మెషీన్ అంటారట.

"ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షనే వేశాను చెల్లెమ్మా. ఏళ్ల తరబడి అప్‌డేట్లు వస్తాయి."

"ఊరికే ఇచ్చే లైనక్స్‌ని అన్నేళ్లు ఎవరు చూస్తారన్నయ్యా?"

"ఎక్కడెక్కడి వాళ్లో చూస్తారమ్మా. ఇక్కడ నేను చూస్తా."

ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో మా వీధిలోకి వరద వచ్చింది. కింద గదిలో అన్నీ మునిగిపోయాయి.

అప్పుడే మా దగ్గరికి వచ్చే ఒక పాపకి అర్జెంటుగా రక్తం ఎక్కించాలి. వేరే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ పిల్లకి ఏ రక్తం పడదో మా రికార్డుల్లోనే ఉంది. నేను మేడ మీద సర్వర్ పక్కనే ఉన్నా, కరెంటు లేదు.

అన్నయ్య అన్నం పొట్లాలు పంచే పడవ ఎక్కి వచ్చారు. ఒళ్లో చిన్న జనరేటర్. ఒంటి మీద పొడి నూలుపోగు లేదు.

సర్వర్ ఆన్ చేశారు. పాప ఫైల్ తెరుచుకుంది. ఫోన్లో డాక్టరుగారికి ఒక్కో అక్షరం చదివి వినిపించాను.

పాప బతికింది.

అన్నయ్య మెట్ల మీద కూర్చుని ఏడ్చేశారు. ఆయన ఏడవడం చూసింది ఆ ఒక్కసారే.

నిన్న వాళ్లింటికి వెళ్తే, వదినగారు నా చెయ్యి పట్టుకుని అడిగారు. "రేపు మీ దగ్గరికి రావాలన్నారమ్మా, ఏదో అప్‌డేట్ ఉందని. ఎవరన్నా చూస్తున్నారా?"

అంత దుఃఖంలో ఆవిడ అడిగిన మాట అది.

"చూస్తున్నామండీ" అన్నాను. అబద్ధం.

ఈ రోజు పొద్దున్నే సెంటర్‌కి వెళ్లి, అప్‌డేట్ ఎలా చేయాలో ఆయన నోట్‌బుక్‌లో తెలుగులో రాసిపెట్టినవి ఒక్కొక్కటీ చదువుకుంటూ నేనే చేశాను. పూర్తయింది.

"అయిపోయింది అన్నయ్యా" అని చెబుదామని ఫోన్ తీశాను.

పేరు నొక్కేశాను కూడా.

రింగవుతుంటే గుర్తొచ్చింది.

వెళ్లిరండి అన్నయ్యా. అల్లా మీకు చల్లని నిద్రనివ్వాలి.