ఊపిరి తీసుకునే చోట

నా చిన్నప్పుడు ఆదివారం ప్రార్థన ముగిసి ఇంటికి రాగానే మా పెద్దబాపు రేడియో ముందు కూర్చునేవాడు. ఆయన మా బాపుకి అన్న. గోదావరిఖనిలో బొగ్గుబావి పని, సెలవు దొరికితే పెళ్ళిళ్ళలో క్లారినెట్. రేడియో ముల్లును మెల్లగా తిప్పుతూ గరగరల మధ్య ఎక్కడో ఒకచోట ఆపేవాడు. అక్కడ ఏదో దూరదేశపు బాజా వినిపించేది. దాన్ని జాజ్ అంటారని మా పాస్టరయ్య చెప్పాడట. అది నవ్వుతున్నట్టే ఉండి అంతలోనే ఏడ్చేది. విన్నంత విని పెద్దబాపు క్లారినెట్ అందుకుని ఆ స్వరాల కోసం వెతుక్కునేవాడు. అలా వెతుకుతూనే మా అవ్వ పాడే నాట్ల పాటనొకదాన్ని ఆ నడకలోకి తెచ్చి, సొంతంగా ఒక వరస కట్టాడు. డప్పు దెబ్బ మీద నడిచే ఆ వరస మా క్వార్టర్ల లైనులో పిల్లలందరికీ నోటికి వచ్చు.

ఆ రేడియోలో వాయించేవాళ్ళు ఎవరని ఒకరోజు అడిగాను.

“నల్లోళ్లు బిడ్డా. వాళ్ల తాతలను ఓడలల్ల ఏసుకపోయి అమ్మిండ్రట. వాళ్ల బాజా అందరికి గావాలె, వాళ్లు మాత్రం ముందటి దర్వాజల నుంచి రావద్దు. రికార్డులు వచ్చినంక ఇంకో మోసం. పాట ఒకనిది, అట్ట మీద పేరు ఇంకొకనిది.”

నాకది దూరపు కథలా అనిపించలేదు. మాది దళిత క్రైస్తవ కుటుంబం. బడిలో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ, ‘బొగ్గుపిల్ల’ అనేవాళ్ళే ఎక్కువ.

ఆ ఎండాకాలం కమాన్‌పూర్ దిక్కున ఒక దొరల ఇంటి పెళ్ళికి మా బ్యాండు కుదిరింది. మా అమ్మ కాన్పుకని దవాఖానలో ఉండడంతో పెద్దబాపు నన్నూ వెంట తీసుకెళ్ళాడు. పొద్దంతా వాయించిన మా వాళ్ళకు విస్తళ్ళు వేసింది పశువుల కొట్టం పక్కన. తిని చేతులు కడుక్కుంటుండగా పెళ్ళికూతురి అన్న వచ్చాడు. దుబాయి నుంచి కొత్తగా దిగినవాడు, చేతిలో టేప్ రికార్డర్. గోదావరిఖనిలో క్యాసెట్ల దుకాణం తెరుస్తాడట. చాలా మెత్తగా మాట్లాడాడు. ఆ ఇంట్లో మరెవరూ మాతో అంత మెత్తగా మాట్లాడలేదు. అందుకేనేమో నాకు భయం వేసింది.

“పొద్దుగాల వాయించినవు చూడు, నీ సొంత వరస. అది ఇండ్ల వాయించు,” అన్నాడు.

“వాయిస్త దొరా. ముందుగాల నా పేరు జెప్పి మొదలువెడ్త.”

“పేరెందుకు? పాట ఉంటె సాలు.”

కాదంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో బ్యాండుకు ఇంకో పెళ్ళి దొరకదు. పెద్దబాపు తల ఊపాడు. క్లారినెట్ మూతి కడుక్కుని వస్తానని నన్ను బావి దగ్గరికి తీసుకెళ్ళాడు. బొగ్గుదుమ్ము పట్టిన ఛాతీ ఆయనది. ఆ వరస సగంలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకోక తప్పదు. అప్పుడు డప్పు ఒక్కటే నడుస్తుంది.

“నేను ఊపిరి తీసుకునే కాడ నువ్వు నా పేరు గట్టిగ జెప్పు. డప్పు దెబ్బ మీదనే జెప్పాలె. మొదట్ల జెప్తె కోసేస్తరు. నడిమిట్ల కోస్తె దెబ్బ తప్పి పాట కుంటుతది,” అన్నాడు.

క్యాసెట్ చక్రాలు తిరగడం మొదలైంది. నా కళ్ళు పెద్దబాపు మీదే ఉన్నాయి. పెద్దబాపు పెదవులు క్లారినెట్ నుంచి విడివడగానే అరిచాను: “వాయించేది మా పెద్దబాపు, గోదావరిఖని జకరయ్య!”

ఆ మనిషి వేలు మీట మీదికి వెళ్ళింది. అంతలో క్లారినెట్ మళ్ళీ అందుకుంది. అతను మీట నొక్కలేదు, నన్ను చూసి నవ్వాడు.

వానాకాలం వచ్చేసరికి బజారులో దుకాణం తెరిచారు. ఒకరోజు మొదటి షిఫ్టు విడిచిన వేళ, రోడ్డు నిండా మసి మొహాల కార్మికులు. పెద్దబాపు చెయ్యి పట్టుకుని నడుస్తున్నాను. దుకాణం ముందు మైకులో మా వరస వినిపించింది. అద్దాల వెనక పేర్చిన క్యాసెట్ల అట్టల మీద ఆ దుకాణం పేరుతోనే ఏదో బ్యాండు పేరు ఉంది. మేము కదల్లేదు. వరస సగానికి వచ్చింది, డప్పు ఒక్కటే మిగిలింది. తీసేయడం అతనికి చేతకాలేదో, ఎవరు వింటారులే అనుకున్నాడో, నా గొంతు బజారంతా మోగింది.

“అరె, మన జకరన్న!” అని అరిచి ఎవరో ఈలవేశారు. నలుగురు పెద్దబాపు భుజం తట్టారు. లోపల్నుంచి ఆ మనిషి ఉరికివచ్చి టేపు ఆపాడు. పెద్దబాపు వైపు చూడలేదు, నా వైపే చూశాడు.

మూడో రోజు దొరల మనుషులు ఇద్దరు ఇంటికి వచ్చారు. కుర్చీలు వేసినా కూర్చోలేదు. దొరల ఊళ్ళలో ఇక మీ బాజా మోగదని చెప్పారు. పోతూ పోతూ ఒకడు నా దగ్గర ఆగాడు.

“పిల్ల గొంతు మంచిగున్నది. బడికి ఒక్కతే పోతదా?”

వాళ్ళు వెళ్ళాక పెద్దబాపు నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చాడు. “నా పేరు కోసం నిన్ను ముందట నిలవెట్టిన బిడ్డా. తప్పు జేసిన,” అన్నాడు. ఆ ఏడాదంతా మా బాపు షిఫ్టులు మార్చుకుని నన్ను బడికి దిగబెట్టాడు. నన్నెవరూ ఏమీ చెయ్యలేదు. కానీ వెనక అడుగుల చప్పుడైతే చాలు, బాపు చెయ్యి గట్టిగా పట్టుకునేదాన్ని.

బ్యాండు చెదిరిపోయింది. దుకాణంవాడు నా గొంతు తీసేసి క్యాసెట్‌ను మళ్ళీ వదిలాడు. పెద్దబాపు బజారులో నిలబడి అది మొత్తం విన్నాడు. “కోసిండు. గని కుంటుతున్నది,” అని మాత్రం అన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మొన్న, నేనిప్పుడు ఉంటున్న జ్యోతినగర్‌లో, పక్కింటి అమ్మాయి ఫోన్లో ఏదో డాన్సు చూపించింది. కొత్త దరువు కింద అదే వరస, సగంలో అదే కుంటు. కింద ఎవరిదో పేరు. ఇది మా పెద్దబాపుదని చెప్పాను. “ఏమన్న సబూతు ఉన్నదా పెద్దమ్మా?” అని అడిగింది, అమాయకంగానే. సాక్ష్యంగా చూపడానికి మొదటి క్యాసెట్ ఒక్కటి కూడా మిగల్లేదు.

నేను పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ ఏ సభలోనైనా మైకు చేతికిస్తే ముందు వెన్నులో వణుకు పుడుతుంది. అది పోతుందన్న ఆశ లేదు. ఆ వణుకుతోనే, అతిథులను ఆహ్వానించడానికి గేటు దగ్గర ఎండలో డప్పులు పట్టుకుని నిలబడ్డవాళ్ళ పేర్లు అడిగి తెచ్చుకున్న కాగితం విప్పి, తండ్రి పేరుతో సహా ఒక్కొక్కరిని లోపలికి పిలిచాకే మిగతా మాటలు మొదలుపెడతాను. పెద్దబాపు తప్పు చేశానని ఏడ్చాడు గానీ, నేను మాత్రం ఏనాడూ అలా అనుకోలేదు.