పక్క మంచం ఆపరేషన్

బోర్డులు రాసే పెయింటర్‌కి ఎవరైనా బాగుంటే ఒళ్లు మండిపోతుంది. తమ్ముడు స్కూటర్ కొన్న రోజున అన్నం సయించలేదు. అలాంటివాడికి ఆసుపత్రిలో పక్క మంచం మీద తగిలినవాడు కళ్లద్దాల షాపాయన. ఒకప్పుడు ఆ షాపు బోర్డు రాసింది ఇతనే. దాన్ని పీకించి లైట్ల బోర్డు పెట్టించాడా మహానుభావుడు.

ఇద్దరిదీ ఒకే జబ్బు. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బింది. పగిలితే మనిషి దక్కడు. షాపాయనకి తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, నాళంలోకి స్టెంటు పంపారు. మర్నాటికే వరండాలో షికార్లు మొదలుపెట్టాడు.

"ఏం లేదు పెయింటరు గారూ, చీమ కుట్టినట్టుంది, అంతే."

కడుపులో బుడగ కన్నా ఆ మాటే ఇతన్ని ఎక్కువ బాధపెట్టింది.

జ్వరం లేకపోతే ఇతనికీ అదే చేస్తామన్నారు. ఉంటే మాత్రం నాళానికి చీము పట్టిందేమో చూడాలి, పడితే పొట్ట కోయాలి. ఇతనికేమో సాయంత్రమయ్యేసరికి ఒళ్లు పెనంలా కాలుతోంది. భార్య చేత గుట్టుగా జ్వరం మాత్రలు తెప్పించుకుని, నర్సు రాకముందే మింగేసేవాడు.

"ఆయనతో పోటీకి పోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?" అని ఆవిడ గొణిగింది. ఇతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గుట్టు బయటపెట్టింది షాపాయనే. ఈయన వణుకుతుంటే నా మంచం కూడా ఊగుతోందండీ అని సర్జన్‌తో చెప్పేశాడు. రక్తపరీక్షలో క్రిమి దొరికింది, స్కానింగులో చీము కనబడింది.

"కుళ్లు మీద స్టెంటు పెడితే దాన్ని లోపలుంచి మూత వేసినట్టే," అన్నాడు సర్జన్. "చెడిన ముక్క కోసేసి, మీ తొడలోంచే సిర తీసి అక్కడ కుడతాం."

కోసారు, కుట్టారు, వారాల తరబడి సూదిమందులు పొడిచారు. బతికాడు. తనని బతికించిన ఆ చాడీని మాత్రం క్షమించలేదు.

చెకప్ రోజున షాపాయన మళ్లీ ఎదురయ్యాడు, మొహం వేలాడేసుకుని.

"మీకేంటండీ, మీ సొంత సిర. నా స్టెంటు జారిందేమో చూడాలని ఏటేటా స్కానింగుకి రమ్మంటున్నారు, బతికున్నన్నాళ్లూ."

తనకీ స్కానింగులున్నాయని పెయింటర్ చెప్పలేదు. చొక్కా ఎత్తి, ఛాతీ కింద నుంచి బొడ్డు దాటిపోయిన కుట్ల గీతని, తను రాసిన బోర్డు చూపించినట్టు తీరిగ్గా చూపించాడు. షాపాయన చూపు దాని మీదే నిలిచిపోయింది. ఆ చూపేమిటో పెయింటర్‌కి బాగా తెలుసు.

ఆ పూట మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు.