తంగేడు, కసింద, మా సైన్సు సారు

పోయిన మంగళవారం పొద్దున మా సైన్సు సారు పోయారని ఆయన కూతురు ఫోన్ చేసింది. చాయ్ తాగి, వాకిట్లో కుర్చీలో కూర్చున్నవారు అట్లాగే వాలిపోయారట. ఏడుపొచ్చింది. మంచాన పడకుండా వెళ్లారని మనసు కుదుటపడింది కూడా.

నారాయణఖేడ్ బడిలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మమ్మల్ని ఒక తంగేడు కొమ్మ, ఒక కసింద కొమ్మ తెమ్మన్నారు. రెండింటివీ పసుపుపచ్చ పూలే. రెండూ చిక్కుడు కుటుంబమే, ప్రజాతి కూడా ఒకటే, సెన్నా. కానీ తంగేడు రాళ్ల గుట్టల మీద పెరుగుతుంది, కసింద వానలకు పెంటకుప్పల పక్కన లేస్తుంది. గుట్ట ఎక్కే ఓపిక నాకెక్కడిది? రెండు కొమ్మలూ ఇంటి వెనక కుప్ప దగ్గరే విరిచి, ఒకదానికి తంగేడని చీటీ కట్టాను. సారు ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు. ఒకటే కంపు. రెండూ కసింద కొమ్మలే.

"పువ్వు మొఖం జూసి మోసపోయినవ్ బిడ్డా. ముందుగాల దాని ఇల్లు యాడనో అడుగు, పేరు తర్వాత."

తరగతంతా నవ్వింది. నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చింది. అమ్మకు షుగరు. తంగేడు పూల కషాయం మంచిదని ఎవరో చెబితే, తంగేడే అనుకుని ఆ కుప్ప దగ్గరి పూలూ కాయలూ కోసి ఎండబెట్టి ఇచ్చింది నేనే. రెండు రోజులుగా తాగుతోంది, పొద్దున్నుంచి వాంతులు. సారును బయటికి పిలిచి ఏడుస్తూ చెప్పాను.

ఆయన తిట్టలేదు. బండి మీద అమ్మను దవాఖానకు తీసుకెళ్లి, దీని గింజల్లో విషముంటుందని నా కొమ్మనే డాక్టరుకు చూపించారు. మర్నాడు సాయంత్రం డాక్టరు ఇక భయం లేదన్నాడు. మెట్ల మీద కూర్చుని వెక్కుతున్న నా దగ్గరికి సారు వచ్చారు.

"ఇగ నిమ్మళంగుండు. అమ్మకేం గాలే. గీ ముచ్చట మన ముగ్గుర్లనే ఉంటది."

ఆ ఆదివారం తరగతి మొత్తాన్ని గుట్ట ఎక్కించి, తంగేడు ఆకు మొదట్లో చెవుల్లాంటి రెక్కలుంటాయని ఒక్కొక్కరి చేత తడిమించారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత నేను భయపడకుండా బడికి వెళ్లగలిగానంటే ఆయన చలవే.

సారును మట్టి చేసేరోజు అమ్మ మోకాళ్ల నొప్పులతోనే వచ్చింది. పిడికెడు మట్టి తీసుకుని, పక్కనే నిలబడ్డ సారు కూతురికి అంతా చెప్పేసింది.

"మీ నాయిన లేకుంటే నేను ఎన్నడో పోతుంటి బిడ్డా."

ఆ అమ్మాయి ఈ సంగతి ఎప్పుడూ వినలేదట. మట్టి ఉన్న అమ్మ పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ మట్టిని ఇద్దరూ కలిసే గుంతలోకి వదిలారు.