మామాకి ఒక కిడ్నీ

గర్భపు చీకటిలో, ఏ కన్నూ చూడని చోట మన అంతరింద్రియాలను కలగజేసిన దేవునికి స్తోత్రం. మనం నిద్రపోతున్నా వాటిని పనిచేయిస్తున్న ఆయన నామానికి మహిమ. అంతరింద్రియాలు అనే మాట చిన్నప్పటి నుంచి బైబిల్లో చదువుతున్నాను. ఆ చోట మూల భాషలో ఉన్నది మూత్రపిండాలనే మాటేనని పెద్దయ్యాక మా చర్చి అయ్యగారు చెప్పారు. దేవుడు హృదయంతో పాటు వాటినీ పరిశోధిస్తాడట. అప్పుడు వింతగా విని ఊరుకున్నాను. ఈమధ్య ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

శుక్రవారాలు కువైట్‌లో, ఖైతాన్‌లోని మా ఫ్లాట్‌లోనే ఆరాధన. ఆడవాళ్ళకు వాక్యం నేను చెబుతాను. మిగతా రోజుల్లో ఒక పళ్ళ క్లినిక్‌లో పని. ఒక శుక్రవారం సాక్ష్యాల వేళ కూటానికి వచ్చే కోనసీమ చెల్లెలు ఒకామె లేచింది. జాబ్రియాలో ఒక ముసలి కువైటీ ఆమె ఇంట్లో ఏళ్ళుగా పనిచేస్తోంది. అక్కడ పనిమనుషులు ఇంటి యజమానురాలిని మామా అంటారు.

"మా మామాకి రెండు కిడ్నీలూ పాడైపోయాయండి. నాదొకటి ఇద్దామని ఉంది. ప్రార్థన చేయండి."

కొందరు స్తోత్రం అన్నారు. గోడ పక్కన కూర్చున్న, కూటంలో అందరం వదినా అని పిలిచే ఆవిడ మాత్రం, "మా మామా నా నడుం ఎప్పుడో తీసేసుకుంది తల్లీ, మెట్లు కడిగించి కడిగించి. నీ మామా ఇంకా నయం, అడిగి తీసుకుంటోంది," అంది. అందరూ నవ్వారు.

"అడగలేదు వదినా. నాకే అనిపించింది."

కూటానికి వచ్చే ఇంజనీరు బ్రదర్ నవ్వలేదు. "సిస్టర్, మీ ఇఖామా, ఈ దేశంలో ఉండే అనుమతే, వాళ్ళ చేతిలో ఉంది. అలాంటప్పుడు మీరు ఇచ్చారనాలా, వాళ్ళు తీసుకున్నారనాలా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "పనిమనిషినైతే నాకు ప్రేమ ఉండకూడదా అన్నయ్యా?"

అందరూ నా వైపు చూశారు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టే ప్రేమ గురించి చెప్పింది నేనే. మన దేహం మన సొత్తు కాదని చెప్పిందీ నేనే. ఆ రెండిట్లో ఏది ముందో నాకు తెలియలేదు. డాక్టర్ని అడుగుదాం అన్నాను.

ఆమెకు తోడుగా నేనూ వెళ్ళాను; కిడ్నీ ఆసుపత్రిలో డాక్టర్ గారు హైదరాబాద్ మనిషి. తెలుగు మాట వినగానే కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.

"ఎవరికి ఇద్దామనుకుంటున్నారమ్మా?"

"ఆయ్, మామాకండి."

ఆయన ముఖం మారిపోయింది. "మామగారికా? మీవారు బాగానే ఉన్నారా? ఆయనెందుకు ఇవ్వట్లేదు?"

"ఆయనెందుకిస్తాడండీ? ఆయనకి అరబ్బీ ముక్క రాదు."

"కిడ్నీకి అరబ్బీ ఎందుకమ్మా? కన్నతండ్రికి కొడుకు ఇవ్వడా? కోడలే దొరికిందా మీ ఇంట్లో?"

నాకు నవ్వు ఆగలేదు. "మామగారు కాదండీ. ఆమె పనిచేసే ఇంటి మామా."

ఆయన నవ్వలేదు. పెన్ను మూత పెట్టేశారు. "మామగారైతే మీవారితో మాట్లాడి చూసేవాణ్ణి. ఇక్కడ ఎవరితో మాట్లాడాలి? మీ కఫీల్ ఎవరు, వీసా ఎవరి పేరు మీద ఉంది?"

"మామా కొడుకండి."

"ఆయనకు చెప్పారా?"

"చెప్పానండి. ఖలాస్, ఇంక మాటల్లేవు, నువ్వు మా ఇంటి బిడ్డవి అన్నారు."

"ఆ ఇంటి బిడ్డలు పరీక్షలు చేయించుకున్నారా?"

ఆమె చున్నీ కొంగు వేలికి చుట్టుకుంది. "వాళ్ళకి పనులుంటాయి గదండీ."

ఆ వెంటనే గబగబా చెప్పింది. డయాలసిస్ నుంచి వచ్చి మామా తన చేయి పట్టుకుని కూర్చుంటుందట. తన తల్లి పోయినప్పుడు మామాయే ఒళ్ళో పడుకోబెట్టుకుందట.

డాక్టర్ గారు మెల్లగా అన్నారు: "మీ ప్రేమను కాదనడం లేదమ్మా. ఇవ్వనని చెప్పే వీలు మీకుందా లేదా అన్నదే నాకు కావాలి. పరీక్షలు చేద్దాం. తర్వాత మీతో ఒంటరిగా మాట్లాడతాను. అప్పుడు మీకు ఇష్టం లేకపోయినా, మీ కిడ్నీ సరిపడకపోయినా, బయట అందరికీ ఒకటే మాట చెబుతాం, సరిపడలేదని. ఎందుకన్నది ఎవరు అడిగినా చెప్పం." నా వైపు తిరిగి, "మీకు కూడా," అన్నారు.

ఫలితాలు వచ్చిన రోజు ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. నేను బయట కూర్చోలేక వరండా ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. ఏమని ప్రార్థించాలో తెలియలేదు. ఇచ్చే భాగ్యం ఇవ్వమనా, తప్పించమనా?

వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "సరిపడలేదంటక్కా."

అంతే. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాలుక చివరి దాకా వచ్చిన ప్రశ్న మింగేశాను.

తర్వాతి శుక్రవారం తనే చెప్పింది. మామా ఆ కబురు విని తన బుగ్గ గిల్లిందట. "ఖలాస్, నీ కిడ్నీ నీ దగ్గరే పెట్టుకో. యల్లా, చాయ్ పెట్టు" అందట. అందరం నవ్వాం. తనూ నవ్వింది.

సరిపడనిది శరీరమా, మనసా? ఆమె కాదని చెప్పి ఉంటే బాగుండునని ఒక పూట అనుకుంటాను. అంత ప్రేమను ఎవరో భయంగా మార్చేశారేమోనని మరో పూట బాధపడతాను. కూటంలో ఆమె మోకరించినప్పుడల్లా నా కళ్ళు తెరుచుకుంటాయి. ముఖం చూసి కనిపెట్టాలని చూస్తాను. నాకా అధికారం లేదు. అంతరింద్రియాలను పరిశోధించేవాడు ఒక్కడే. ఆ గది తలుపు వెనక ఆమె ఏమందో ఆయన విన్నాడు.

చదువుతున్న ప్రియులారా, నాతో పాటు ఒక్క నిమిషం తల వంచండి. ఇంకా డయాలసిస్‌కు వెళ్ళి వస్తున్న ఆ ముసలి తల్లి కోసం, ఆమె చేయి పట్టుకుని కూర్చునే మా చెల్లెలి కోసం ప్రార్థించండి. అడగకుండా ప్రేమించే నెమ్మది నాకు ఇమ్మని కూడా అడగండి. ఆమేన్.