రత్నరాజు కత్తిరించిన ఫిల్ము ముక్క

రత్నరాజు ఒకచోట కుదురుగా కూర్చోగా మేమెవరమూ చూడలేదు. ఒహాయోలోని హార్లన్‌పోర్ట్‌లో ఒక అమెరికన్ చర్చి కింది హాల్లో, ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు కుటుంబాలు ఆరాధనకు చేరేవి. పాస్టర్ సత్యానందం గారు ప్రసంగిస్తుంటే రత్నరాజు వెనక గోడ దగ్గర కాలు మార్చి కాలు వేస్తూ నిలబడేవాడు. భోజనాలప్పుడు పళ్ళెం చేత పట్టుకుని నలుగురి మధ్యా తిరుగుతూ తినేవాడు. ఉద్యోగాలూ అంతే. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ, ఆస్పత్రి లాండ్రీ, ఫొటోలు కడిగే దుకాణం, ఏదీ ఏడాది నిండలేదు. ఎందుకు మానేశావని అడిగితే అక్కడ ఊపిరాడలేదనేవాడు.

అతనిది నరసాపురం. పెళ్ళికి ముందు మద్రాసులో సినిమాలు ఎడిట్ చేసే గదిలో అసిస్టెంటుగా ఉండేవాడు. భార్య లూసీ నర్సు. ఆమెకు ఒహాయోలో ఉద్యోగం వచ్చి ఇద్దరూ ఈ దేశం వచ్చారు. లూసీకి పేషెంట్లు, డ్యూటీలు, తోటి నర్సులు ఉన్నారు. రత్నరాజుకు మాత్రం తన చేతులకు తగిన పని దొరకలేదు.

అది డెబ్బై తొమ్మిదిలో దొరికింది. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఫెర్రీమెన్ తన ఫిల్ము గదికి మనిషి కావాలని ప్రకటన ఇచ్చింది. కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ అది. ఆ రోజుల్లో ప్రతి ఆటనూ స్టేడియం పైనుంచి ఫిల్ము తీసేవారు. దాన్ని కడిగి, ముక్కలు చేసి, దాడి చేసిన ఆట ఒక రీలులోకి, అడ్డుకున్న ఆట మరో రీలులోకి అతికిస్తే కోచ్‌లు చూసుకునేవారు. రత్నరాజు కత్తెర పట్టుకున్న తీరు చూసి అప్పటికప్పుడే పనిలోకి తీసుకున్నారు.

మొదట్లో అతనికి ఆట అర్థం కాలేదు. హెల్మెట్లు పెట్టుకున్న లావుపాటి మనుషులు ఒకరి మీద ఒకరు పడడం తప్ప ఏమీ కనిపించేది కాదు. కానీ ఒకే ముక్కను ముందుకీ వెనక్కీ తిప్పి చూసేవాడికి ఏదైనా ఎంతకాలం అర్థం కాకుండా ఉంటుంది? రెండో ఏడు వచ్చేసరికి ఆదివారం ఆరాధన మానేసి స్టేడియంలో ఉండసాగాడు. లూసీకి అది నచ్చలేదు. సత్యానందం గారు ఇంటికి వచ్చి మందలించారు కూడా. రత్నరాజు ఆయనకు టీ ఇచ్చి, ఎదురుగా నిలబడి అంతా విని, తర్వాతి ఆదివారం మళ్ళీ స్టేడియంకే వెళ్ళాడు.

జట్టు ఓడుతూనే ఉంది. ఊళ్ళో ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడుతున్న రోజులవి. పనులు పోయినవాళ్ళు ఆదివారం స్టేడియానికి వచ్చి, తలకు కాగితపు సంచులు తొడుక్కుని సొంత జట్టునే ఎగతాళి చేసేవారు. ఇక ఊరికి మిగిలిన ఆశంతా డ్రాఫ్ట్ మీదే. ఏటా ఏప్రిల్‌లో జట్లన్నీ వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి వంతు. ఓడిపోవడం వల్ల వచ్చే లాభం అదొక్కటే. చలికాలం సగం గడిచేసరికి బార్బర్ షాపుల్లోనూ, లూసీ వాళ్ళ ఆస్పత్రి క్యాంటీన్లోనూ ఎక్కడో చదువుకుంటున్న కుర్రాళ్ళ పేర్లే వినిపించేవి.

ఆ కుర్రాళ్ళ ఫిల్ములు పెట్టెలకొద్దీ రత్నరాజు గదికే వచ్చేవి. ఎనభై ఒకటి ఫిబ్రవరిలో అలబామాలోని ఒక చిన్న నల్లవాళ్ళ కాలేజీ నుంచి వచ్చిన పెట్టెలో అతను డెల్‌రాయ్ పికెట్‌ను చూశాడు. దూరంగా పరిగెత్తి బంతిని అందుకునే ఆటగాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. బంతి తన వైపు రానప్పుడు మిగతావాళ్ళు నాలుగడుగులు వేసి ఆగిపోతుంటే, డెల్‌రాయ్ మాత్రం ప్రతిసారీ చివరి గీత దాకా పరిగెత్తేవాడు. ఎవరూ చూడని ఆ పరుగును రత్నరాజు పదే పదే తిప్పి చూశాడు. ఆ రోజు నుంచి అతనికి మరో ధ్యాస లేదు. కొత్త ఆటగాళ్ళను వెతికే విభాగానికి పెద్ద అయిన హాల్ బ్రెన్నర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆపి ఆ కుర్రాడి గురించి చెప్పేవాడు. బ్రెన్నర్ ముసలాయన, మంచివాడు. విని నవ్వి వెళ్ళిపోయేవాడు.

డ్రాఫ్ట్ జరిగిన రెండు రోజులూ రత్నరాజు జట్టు ఆఫీసు వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. పేర్ల కార్డులు అంటించిన గదిలోకి అతనికి ప్రవేశం లేదు. మొదటి వంతులో జట్టు టెక్సస్ కుర్రాడొకణ్ణి ఎంచుకుంది. పత్రికలన్నీ ముందే చెప్పిన పేరు అది. రెండో రోజు సాయంత్రం, మంచి పేర్లన్నీ అయిపోయి గదిలోవాళ్ళు ఆవులిస్తున్న వేళ, బ్రెన్నర్ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

“నీ అలబామా కుర్రాణ్ణి ఇంకా ఎవరూ తీసుకోలేదు. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నావా రాజూ?”

“ఉన్నాను సార్.”

బ్రెన్నర్ లోపలికి వెళ్ళాడు. కాసేపట్లో ఎవరో ఆ పేరు డ్రాఫ్ట్ నడిపేవాళ్ళకు ఫోన్లో చెప్పడం తలుపు సందులోంచి వినిపించింది. రత్నరాజు ఇంటికి వెళ్ళి ఆ సంగతి చెబితే లూసీ యూనిఫాం కూడా మార్చుకోకుండా అలాగే నిలబడిపోయింది.

“మనిషిని కలవనైనా కలవలేదు కదండీ. ఫిల్ములో చూసి ఎలా నమ్మారు?” అంది.

“మద్రాసులోనూ నేను మనుషుల్ని ఫిల్ములోనే చూశాను లూసీ. నాకు వచ్చిన పని అదొక్కటే.”

“సినిమాలో తేడా వస్తే రీలు మారుస్తారు. ఇతను ఉన్న ఊరు వదిలి వస్తున్నాడు.”

జులైలో శిక్షణ శిబిరం మొదలైంది. ఒక ఆదివారం సెలవు దొరికితే రత్నరాజు డెల్‌రాయ్‌ని తీసుకుని మా ఆరాధనకు వచ్చాడు. రత్నరాజు చాలా రోజుల తర్వాత రావడం సత్యానందం గారికి సంతోషమైంది. డెల్‌రాయ్‌కి తెలుగు పాటలు అర్థం కాకపోయినా చప్పట్లు తాళం తప్పలేదు. లూసీ వండిన కోడికూర మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు. తను ఎంపికైన రోజు వాళ్ళ ఊరి చర్చిలో గంట కొట్టారనీ, తల్లి బడిలో వంట చేస్తుందనీ, ఆమె ఆ రోజంతా ఏడుస్తూనే ఉందనీ చెప్పాడు. లూసీ ఆ మాట విని భర్త వైపు చూసింది. రత్నరాజు పళ్ళెం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

ఆ వారం నుంచే ఫిల్ములో తేడా కనిపించసాగింది. ఇక్కడి అడ్డుకునే ఆటగాళ్ళు డెల్‌రాయ్‌ని మొదటి అడుగులోనే గుండెల మీద గుద్ది ఆపుతున్నారు. చిన్న కాలేజీలో అతణ్ణి అలా ఆపినవాళ్ళు లేరు. ఎలాగో తప్పించుకుని వెళ్ళినా, వెనక ఎవరో వస్తున్నారన్న భయంతో చేతులు ముందే మూసుకుంటున్నాయి. బంతి తగిలి కింద పడుతోంది. రత్నరాజు ఫిల్ము తిప్పి చూసే ఏ యంత్రం మీద అతని పరుగును చూసి మురిసిపోయాడో అదే యంత్రం మీద ఆ చేతుల్ని చూడాల్సి వచ్చింది. ఇంట్లో అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవాడు. లూసీ ఏం అడిగినా డెల్‌రాయ్ ఇంకా కుదురుకోలేదని మాత్రం చెప్పేవాడు.

ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపాలో తేల్చే రోజు వచ్చింది. ఉదయం సాధనలో డెల్‌రాయ్ రెండు మంచి బంతులు అందుకున్నాడు. తర్వాత, చుట్టూ ఎవరూ లేనప్పుడు, నేరుగా చేతుల్లోకి వచ్చిన బంతిని వదిలేశాడు. మధ్యాహ్నం ఫిల్ము కడిగి ఆరబెట్టాక రత్నరాజు ఆ ముక్క దగ్గర ఆగాడు. కత్తిరించాడు. రెండు కొసలూ అతికించి, తీసిన ముక్కను చుట్ట చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం కోచ్‌లందరూ కూర్చున్నారు. ప్రొజెక్టర్ నడుపుతున్నది రత్నరాజే. డెల్‌రాయ్ అందుకున్న మంచి బంతులు రెండూ తెర మీదికి వచ్చాయి. వెంటనే మరో ఆటగాడు వచ్చాడు. హెడ్ కోచ్ చెయ్యెత్తి ఆపమన్నాడు. ఉదయం తను మైదానంలోనే ఉన్నాననీ, మధ్యలో ఒక బంతి కింద పడిందనీ చెప్పి, అది ఏదని అడిగాడు.

రత్నరాజు లైటు వేశాడు. జేబులోంచి ఫిల్ము చుట్ట తీసి, “ఇదిగోండి” అన్నాడు.

 బ్రెన్నర్ తలెత్తకుండా, “అతికించు” అన్నాడు. అందరి ముందూ అతికించాడు. జేబులో నలిగినందువల్ల తెర మీద డెల్‌రాయ్ ఒంటికి అడ్డంగా ఒక తెల్లటి గీత పడింది. బంతి చేతుల్లోంచి జారడం మాత్రం స్పష్టంగానే కనిపించింది.

మీటింగ్ అయ్యాక ఎవరూ చెప్పకముందే తన కత్తెర, జిగురు బ్రష్షు సర్దుకుంటున్న రత్నరాజు దగ్గరికి బ్రెన్నర్ వచ్చాడు.

“ఆ కుర్రాడి కోసం చేశావా?”

“కాదండి. నా మాట తప్పవుతుందని చేశాను.”

 తన అంచనాలు ముప్ఫై ఏళ్ళుగా ఇలా తప్పుతూనే ఉన్నాయనీ, తను ఎప్పుడూ కత్తెర పట్టుకోలేదనీ బ్రెన్నర్ అన్నాడు. వస్తువులు ఎక్కడివక్కడ పెట్టి రేపు పనిలోకి రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

డెల్‌రాయ్‌ని మర్నాడు పంపించేశారు. ఎయిర్‌పోర్టుకు తానే తీసుకెళ్తానని రత్నరాజు అడిగి మరీ కారు తీశాడు. దారి మొక్కజొన్న చేల మధ్య సాగింది. చివరికి డెల్‌రాయే అడిగాడు.

“ఆ ముక్క తీసేశారట కదా మిస్టర్ రాజు?”

“తీశాను. నన్ను క్షమించు. నేను నీ పేరు ఎత్తకపోతే నీకీ అవమానం ఉండేది కాదు.”

“బంతి వదిలింది నేను. అది నా చేతులకు తెలుసు. ఆ తప్పును కూడా నా నుంచి మీరు తీసుకోకండి.” కిటికీ వైపు తిరిగి మళ్ళీ అన్నాడు. “ఇప్పుడు ఏమీ చెప్పకండి, ప్లీజ్. మా అమ్మతో ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి.”

 విమానాశ్రయంలో డెల్‌రాయ్ సంచీ రత్నరాజే మోశాడు. విమానం కదిలాక కూడా అద్దాల దగ్గరే నిలబడ్డాడు. ఇంటికొచ్చి జరిగిందంతా మొదటిసారి లూసీకి పూసగుచ్చినట్లు చెప్పాడు. ఆమె తిట్టలేదు. మర్నాడు డ్యూటీ మార్పించుకుని డెల్‌రాయ్ తల్లికి ఫోన్ చేసింది. ఇద్దరు ఆడవాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో లూసీ ఎవరికీ చెప్పలేదు.

ఏ పనీ ఏడాది చేయని మనిషి ఫెర్రీమెన్‌లో అలాగే ఉండిపోయాడు. మొదటి వంతులో వచ్చిన టెక్సస్ కుర్రాడు మోకాలు దెబ్బతిని మూడో ఏటికి ఆట మానేశాడు. జట్టు రెండుసార్లు కోచ్‌ని మార్చింది. ఎనభై అయిదు దాటాక వీడియో టేపులు వచ్చి ఫిల్ము కడిగే తొట్లు తీసేశారు. రత్నరాజు విసుక్కుంటూనే బటన్ల పని నేర్చుకున్నాడు. డెల్‌రాయ్ సొంత ఊళ్ళో హైస్కూలు పిల్లలకు ఆట నేర్పుతున్నాడని లూసీ చెబితే మాకు తెలిసింది.

రిటైరయ్యే ముందు ఏడు బ్రెన్నర్ ఒక టేపు తెచ్చి, పెన్సిల్వేనియా కుర్రాడొకడి మీద రత్నరాజు అభిప్రాయం అడిగాడు. రత్నరాజు టేపంతా చూశాడు. మనిషిని చూడకుండా చెప్పలేనన్నాడు. ఆ శనివారం ఆ కుర్రాడి ఆట చూడ్డానికి వెళ్తుంటే లూసీ కూడా బయలుదేరింది. సన్నటి వానలో ఆమె గొడుగు వేసుకుని బెంచీ మీద కూర్చుంటే, అతను మైదానం గీత పక్కనే ఆ కుర్రాడు ఎటు పరిగెత్తితే అటు తడుస్తూ నడిచాడు. ఆట అయ్యాక కంచె దగ్గర ఆ కుర్రాణ్ణి ఆపి, తన పేరు చెప్పి, ఆట గురించి ఒక్క ముక్కా ఎత్తకుండా వాళ్ళ అమ్మానాన్నలు ఏం చేస్తారని అడిగాడు.